ఇంటికి రొట్టె, అతిథికి అన్నము

క్రొత్త ప్రాంతమునకు పోవువానిని ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న, “అక్కడ భోజనమున కెట్లు?” అనునది. ఊరు ఎట్టిది, మనుష్యులు ఎట్టివారు, చూడదగినవి ఏవి అను ప్రశ్నలు పిమ్మట వచ్చును. గుంటూరు జిల్లాలో, కృష్ణ కాలువల క్రింద పుట్టి పెరిగినవాడను గనుక నాకును ఆ భయము లేకపోలేదు. రెండుపూటల వరి అన్నము తినినగాని భోజనము చేసినట్లు కాదని నమ్మిన ఇల్లు మాది. గడచిన పుష్యమాసమున ఎమ్మిగనూరు జాతర సందడిని, అచ్చటి మగ్గముల చప్పుడును రేడియో కొరకు రికార్డు చేయుటకు నేను బయలుదేరినప్పుడు, మా తల్లిగారు సంచిలో అటుకులు, ఆవకాయ, సీసాలో నెయ్యి సర్ది, “పొట్ట జాగ్రత్త నాయనా” అని హెచ్చరించి పంపిరి. నాలుగు దినముల తరువాత ఆ మూట విప్పకుండగనే ఇంటికి తిరిగి వచ్చినది. అది విప్పవలసిన పని ఎందుకు లేకపోయెనో చెప్పుటయే ఈ ప్రసంగమునకు విషయము.

ఎమ్మిగనూరు కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఉన్నది. మద్రాసు నుండి బొంబాయికి పోవు పాత రైలుమార్గము గుంతకల్లు విడిచిన పిమ్మట ఆదోని మీదుగా పోయి, తుంగభద్రను దాటి రాయచూరు చేరును. గుంతకల్లు దాటినది మొదలు కిటికీ బయటి దృశ్యము మారును. కనుచూపుమేర నల్లరేగడి భూములు, నడుమ నడుమ గుండ్రని బండలను ఎవరో తీరుబాటుగా పేర్చినట్లున్న కొండలు, చెట్లు తక్కువ. ఆదోని కోట అట్టి రాతికొండల మీదనే ఉన్నది. ఈ సీమలో సాలుకు కురియు వాన సుమారు 60, 65 సెంటీమీటర్లు. మా డెల్టాలో కురియు వానలో ఇది ఇంచుమించు మూడింట రెండు పాళ్ళు. అదియైనను రావలసిన నెలలో వచ్చునను నమ్మకము లేదు. ఈ ఒక్క అంకెను మనసున నుంచుకొన్నచో ఇచ్చటి వంటయిల్లు చాలవరకు అర్థమగును.

రెండవ సంగతి సరిహద్దు. ఎమ్మిగనూరు ఒకప్పటి ఆదోని తాలూకాలోని ఊరు. ఆ తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండెడిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోయినది. పాలన మారినదిగాని ఇండ్లలోని వంట మారలేదు. బజారులో ఒకే మనిషి తెలుగున బేరము మొదలుపెట్టి కన్నడమున ముగించుట నేను చెవులార వింటిని. వంటల పేర్లును అట్లే రెండు భాషల నడుమ తిరుగాడుచుండును.

ఆదోనిలో దిగిన ఉదయము, ప్రత్తి మార్కెట్టుకు పోవు దారిలో ఒక చిన్న ఫలహారశాల కనబడినది. “ఇడ్లీ ఉన్నదా?” అని అడిగితిని. “ఉగ్గాని, బజ్జీ వేడిగా ఉన్నాయి సార్, కూచోండి” అని దుకాణదారు సమాధానము. ఉగ్గు అనగా మా వైపు పసిబిడ్డలకు పెట్టునది. నలుబదేండ్లు దాటినవానికి ఉగ్గేమి అని నేను సందేహించుచుండగనే పళ్ళెము ముందుకు వచ్చినది. చూడగా, అవి మా వైపు మరమరాలు. ఈ సీమలో వానిని బొరుగులందురు.

ఉగ్గాని చేయు విధము మిక్కిలి సులభము. బొరుగులను నీటిలో ముంచి, మెత్తబడిన వెంటనే చేతులతో పిండి తీయుదురు. ఎక్కువసేపు నాననిచ్చినచో ముద్దయగును; తక్కువైనచో నడుమ గట్టిగా మిగులును. ఆ కొలత చేతికే తెలియవలెను. మూకుడులో నూనె కాచి ఆవాలు, ఉల్లిపాయలు, పచ్చిమిరప, కరివేపాకు వేయించి, పసుపు వేసి, పిండిన బొరుగులను అందు కలిపి, పైన పుట్నాల పొడిని చల్లుదురు. ఆ పొడి మిగిలిన తడిని పీల్చుకొని, కమ్మని వాసననిచ్చును. చివర నిమ్మరసము, కొత్తిమీర. ప్రక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. ఒక ముద్ద ఉగ్గాని, ఒక కొరుకు బజ్జీ. మెత్తనిదానికి కరకర, పులుపునకు కారము తోడగును. కన్నడమున ఒగ్గరణె అనగా తాళింపు. ఉగ్గాని అను పేరునకు ఆ మాటతోడనే చుట్టరికము. పసిబిడ్డల ఉగ్గుతో కాదు.

ఇడ్లీకి ముందునాడే పప్పు నానవలెను, రుబ్బవలెను, పిండి పులియవలెను. బొరుగులు బస్తాలో నెలల తరబడి నిలువయుండును. మనిషి వచ్చిన తరువాత పొయ్యి వెలిగించినను పది నిమిషములలో పళ్ళెము సిద్ధమగును. తెల్లవారకమునుపే పల్లెలనుండి ప్రత్తి బండ్లతో వచ్చు రైతునకు ఇంతకన్న తగిన ఫలహారము లేదు. ఆ ఉదయము నేను రెండవ పళ్ళెము అడిగితినని ఒప్పుకొనుటకు సిగ్గుపడను.

ఆదోని నుండి బస్సులో ఎమ్మిగనూరు చేరితిని. ఇది నేతగాండ్ర ఊరు. మాచాని సోమప్పగారు 1938లో ఇచ్చట స్థాపించిన చేనేత సహకార సంఘము దక్షిణదేశమున పేరెన్నిక గన్నది; ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది. పుష్యమాసమున జరుగు నీలకంఠేశ్వరస్వామి జాతరకు, దానితో కూడిన పశువుల సంతకు ఇరుగు పొరుగు జిల్లాలనుండి, కర్ణాటకము నుండి జనము వత్తురు. నేను ఒక వృద్ధుడైన నేతకారుని ఇంట మగ్గముల చప్పుడును రికార్డు చేసికొంటిని. పని ముగియగానే ఆయన నన్ను భోజనమునకు లేవనీయలేదు.

విస్తరిలో సన్నబియ్యపు అన్నము, పప్పు, గుత్తివంకాయ కూర, నెయ్యి. జాతర దినములు గనుక, మా వైపు బొబ్బట్లనియు ఇచ్చట ఓళిగలనియు పిలుచు భక్ష్యములు. మా యింటి భోజనమునకును దీనికిని భేదము కనబడలేదు. తృప్తిగా తినుచుండగా, దొడ్డివైపు నుండి తప తప మని ఒక చప్పుడు వినవచ్చినది. మగ్గము కాదు, మగ్గము లయ వేరు. శబ్దములను పట్టుట నా వృత్తి గనుక ఊరకుండలేక అడిగితిని. పెద్దాయన కొంచెము తడబడి, “అవి మాకు సార్, జొన్నరొట్టెలు. మీరు కోస్తా వైపు వాళ్ళు, మీకు అన్నం పెట్టకుంటే ఎట్లా?” అనెను.

శ్రోతలారా, ఈ ఒక్క మాటలో ఆ సీమ చరిత్ర ఎంతయో ఉన్నది. ఇచ్చట వరి అన్నము చిరకాలము పండుగ భోజనము. చుట్టము వచ్చిననాటి మర్యాద. నిత్యము తినునది జొన్న, కొర్ర, సజ్జ. ఇంట నేమి తినుచున్నను అతిథికి అన్నము వండి పెట్టుట గౌరవము. ఆ గౌరవములోనే, తాము తినునది పరాయివానికి చూపదగినది కాదను సంకోచమును దాగియున్నది. ఆ సంకోచమును కలిగించినది మనమే. జొన్న తినువాడు బీదవాడనియు, బియ్యము తినువాడు భాగ్యవంతుడనియు కాలువల క్రిందివారము చాలకాలము అనుకొంటిమి. అట్లు అతిథికి మర్యాద దక్కును. ఊరి రుచి మాత్రము దక్కదు. “రాత్రికి మీరు తినునదే నాకును పెట్టించుడు” అని నేను కోరితిని. ఆయన ముఖము వికసించినది. “అట్లయితే ఇంట్లో చల్లారినవి ఎందుకు, పెనం మీద నుంచి దించినవే తినండి” అని, సాయంకాలము రొట్టెలమ్ము వీథికి నన్ను తోడ్కొనిపోయెను.

ఈ సీమ పట్టణములలో ప్రొద్దు గూకు వేళ వీథుల ప్రక్కన స్త్రీలు పొయ్యిలు వెలిగించి జొన్నరొట్టెలు చేసి అమ్ముదురు. మేము పోయిన చోట ఏబదేండ్ల స్త్రీ ఒకతె పీట ముందు కూర్చుండి యుండెను. ఆమె చేతిపనిని నేను అరగంట చూచితిని.

గోధుమపిండిలో నీరు పోసి మర్దించినచో సాగుగుణము పుట్టును. కాబట్టి దానిని కఱ్ఱతో ఒత్తవచ్చును. జొన్నపిండికి ఆ గుణము లేదు. అందుచేత పిండిలో మరుగుచున్న నీరు పోయుదురు. వేడినీటికి పిండిలోని గంజి ఉబ్బి, జిగురు పట్టును. పిండి వేడిగా నున్నప్పుడే అరచేతి మడమతో గట్టిగా అదిమి మర్దింపవలెను. పిండి క్రొత్తగా విసరినదై యుండవలెను. నిలువ పిండితో చేసిన రొట్టె అంచులు పగులును. ఉండను పొడిపిండిపై నుంచి, అరచేతితో తట్టుచు, తట్టునప్పుడెల్ల కొంచెము త్రిప్పుచు పోవుదురు. నేను మధ్యాహ్నము వినిన తప తప ఇదియే. చూచుచుండగనే ఉండ చంద్రబింబమంత పెరుగును. రెండు చేతులతో ఎత్తి పెనముపై వేసి, పైన తడిగుడ్డతో నీరు రాయుదురు. నీరు ఆరిన పిమ్మట త్రిప్పివేసి, చివర నిప్పు సెగకు చూపగా రొట్టె పూరీవలె పొంగును. పొంగిన రొట్టెకు రెండు పొరలు ఏర్పడును. పై పొర పలుచన. క్రింది పొర మెత్తన. ఆ రెంటి నడుమనుండి వచ్చు ఆవిరిలో క్రొత్త ధాన్యపు వాసన ఉండును.

తోడుగా ఆమె పెట్టినవి మూడు. వేయించిన బుడ్డలు, ఎండుమిరప, వెల్లుల్లి కలిపి దంచిన పొడి ఒకటి. బుడ్డలనగా వేరుసెనగ గింజలు. పుంటికూర పప్పు రెండవది. మన గోంగూరయే ఇచ్చట పుంటికూర. కన్నడపు పలుకుబడి గలవారు పుండి యందురు. మూడవది చితుకగొట్టిన పచ్చి ఉల్లిపాయ. నేను అలవాటు చొప్పున రొట్టెను ముక్కలు చేసి పప్పులో కలుపబోగా ఆమె నవ్వి, “అట్ల కాదు సారూ, తుంచి, దాంతోనే కూర పట్టుకోవల్ల” అని చూపెను. తొందరపడి మ్రింగిన మొదటి ముక్క గొంతున అడ్డుపడినది. నమలిన రెండవ ముక్క తీయగా తోచినది. జొన్నరొట్టెకు నమలువాని ఓర్పు కావలెను. నమలినకొలది రుచి హెచ్చును. ఒకటిన్నర రొట్టెకే ఆకలి తీరి, మరునాటి మధ్యాహ్నము దాక కడుపు నిబ్బరముగా నుండెను.

ఈ సీమ జొన్ననే ఎందుకు పట్టుకొన్నది? నల్లరేగడి భూమి వాననీటిని స్పంజివలె పీల్చి లోపల దాచుకొనును. వానలు వెనుకబట్టిన పిమ్మట విత్తిన జొన్న, ఆ దాచిన తేమతో, శీతకాలపు మంచుతో పండును. నీరు చాలనప్పుడు జొన్న మొక్క ఆకులు చుట్టుకొని, ఎదుగుట నిలిపి, వాన పడగానే మరల తేరుకొనును. గింజ మనిషికి, చొప్ప ఎద్దునకు. ఎద్దు లేనిదే సేద్యము లేని కాలమున చొప్పకు గింజతో సమానమైన విలువ యుండెడిది. కరువును ఎరిగిన సీమ ఇది. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును పీడించి, లక్షల ప్రాణములను బలిగొన్న ధాత కరువు బళ్ళారి, కర్నూలు జిల్లాలను మిక్కిలి ఘోరముగా తాకినది. అట్టి సీమలో ఏ పంట రుచియైనదని కాక, ఏ పంట చేతికి వచ్చునని ముందు చూతురు. చేతికి వచ్చినదానిని రుచిగా చేసికొనుట తరతరముల స్త్రీల నేర్పు.

అట్లని జొన్న ఈ నేలపైననే పుట్టినదని అనుకొనరాదు. బళ్ళారి సమీపమున సంగనకల్లు మొదలగు చోట్ల పురాతత్వ శాస్త్రజ్ఞులు త్రవ్వి చూడగా, సుమారు 4,000 సంవత్సరముల క్రిందట అచ్చటివారు ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించి తినినట్లు తెలిసినది. జొన్న ఆఫ్రికా ఖండము నుండి వచ్చిన పంట. మిరపయు వేరుసెనగయు అమెరికా ఖండమునందు పుట్టి, పోర్చుగీసువారు మొదలగు నావికుల మూలమున సముద్రములు దాటి వచ్చినవి. 16వ శతాబ్దికి ముందు ఈ దేశమున మిరపకాయ లేదు. నా విస్తరిలోని రొట్టెయు, కారమును, బుడ్డల పొడియు ఒకప్పుడు అతిథులుగా వచ్చి, ఇంటివారైనవే.

ఇప్పుడు వరి వంతు వచ్చినది. హోస్పేట సమీపమున తుంగభద్రపై కట్టిన జలాశయము నుండి 1953లో కాలువలకు నీరు విడిచిరి. దాని దిగువకాలువ బళ్ళారి సీమ దాటి ఆదోని, ఎమ్మిగనూరు భూములకు వచ్చును. ఆ నీటిని జొన్న, ప్రత్తి వంటి ఆరుతడి పంటలకు పలుచగా పంచవలెనని మొదటి ఉద్దేశము. నీరు చూచిన రైతు వరి నాటక మానునా? కాలువ మొదట వరి పెరిగినది. చివరి భూములకు నీరందని ఏండ్లు మిగిలినవి. 1983లో రాష్ట్రప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యము ఈయసాగగా, బీదవాని ఇంటికిని అన్నము నిత్యభోజనమై వచ్చినది. జొన్న చేలు క్రమముగా ప్రత్తికి, ఇతర పంటలకు చోటు విడిచినవి.

దీనిని తలచి విచారించుట సులభము. కాని ఆ రొట్టెలమ్ము ఆమెను అడిగినచో ఇంకొక మాట చెప్పెను. “మా అమ్మ తెల్లారుజామున లేసి రాయి విసిరేది. రోజూ పది మందికి రొట్టెలు తట్టాల. బియ్యం వచ్చినాక ఆడోళ్ళ రెక్కలకు సుఖమైంది” అనెను. రొట్టె వెనుక నున్న ఈ కష్టమును మరచి దాని రుచిని మాత్రము పొగడుట న్యాయము కాదు. ఐక్యరాజ్య సమితి భారతదేశపు ప్రతిపాదనమున 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఒకప్పుడు బీదవాని తిండి యనిపించుకొన్న కొర్రలు నేడు నగరములలో బియ్యముకన్న ప్రియముగా అమ్ముడుపోవుచున్నవి. ఆ ధరలో ఎంత భాగము మెట్టరైతును చేరుచున్నదో, రొట్టె తట్టు చేతికి ఏమి దక్కుచున్నదో కొనువారు ఆలోచింపదగును.

భోజనము ముగించి లేవబోవుచుండగా ఆమె, “ఏ ఊరు సార్ మీది?” అని అడిగెను. గుంటూరు ప్రక్క అని చెప్పితిని. ఆమె చేయి పిండిపై నిలిచిపోయినది.

“గుంటూరా! మేము ఏటా వచ్చేది ఆడికే గదా సార్. జాతర అయినాక సుగ్గికి పోతాము. మిరపకాయలు తెంపనీకి.”

సుగ్గి యనగా కన్నడమున పంటకోత కాలము. ఈ సీమలో ఆ మాటకు వలస యను అర్థము స్థిరపడినది. ఇచ్చటి పంటలు ముగిసి పనులు లేని నెలలలో కోసిగి, మంత్రాలయము, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల పల్లెలనుండి కుటుంబములు కుటుంబములే గుంటూరు వైపు మిరప చేలకు తరలిపోవును. పలు ఇండ్లలో ముసలివారు మాత్రము మిగులుదురు. బడి మాని పిల్లలును తల్లిదండ్రుల వెంట పోవుదురు.

“అక్కడ తిండి కెట్లమ్మా?” అని అడిగితిని. మా తల్లిగారు నన్ను గురించి వేసిన ప్రశ్నయే అది.

“రొట్టెలు ఎండబెట్టుకొని మూట కట్టుకొని పోతాము సార్. వారం పది దినాలు వస్తాయి. అవి అయిపోతే బియ్యం కొనుక్కుంటాము.”

“మా వైపు వారెవరైన మీ రొట్టె రుచి చూచిరా?”

ఆమె నవ్వి, “ఎవరు అడుగుతారు సార్? ఎన్ని కాయలు తెంపినావని అడుగుతారు గానీ” అనెను.

నాకు వెంటనే మాట తోచలేదు. నాలుగు దినముల ప్రయాణమునకు అటుకులు, ఆవకాయ కట్టుకొని, పరదేశమునకు పోవుచున్నట్లు భయపడినవాడను నేను. ఏటేట నెలల తరబడి మా జిల్లా చేల గట్లమీద గుడారములు వేసికొని యుండు ఆమెకు మా దేశమే పరదేశము. మా ఇంటి ఆవకాయలోని కారమునకు మిరపపండ్లు కోసిన చేతులు ఇట్టివే అయియుండును. ఆ చేతులు తట్టిన రొట్టెను రుచిచూచుటకు నేను నాలుగు వందల కిలోమీటర్లు రావలసి వచ్చినది. అది ప్రతి సంవత్సరము మా ఊరి ప్రక్కకే మూటలో వచ్చుచుండెను.

ఆమె అనుమతితో రొట్టె తట్టు చప్పుడును రికార్డు చేసికొంటిని. ఒక డజను ఎండురొట్టెలు కట్టించుకొని ఇల్లు చేరితిని. మా తల్లిగారు విప్పని మూటను చూచి కంగారుపడి, తరువాత రొట్టె ముక్కను మజ్జిగలో నాననిచ్చి, బుడ్డల పొడితో నెమ్మదిగా నమలి తిని, “ఇది చేసిన అమ్మ మన వైపు ఎప్పుడు వచ్చును?” అని అడిగిరి. మాఘమాసమున మెట్టభూముల మిరప చేల వైపు పోయి, సుగ్గికి వచ్చినవారిని పలుకరించవలెనని మేమిద్దరము అనుకొంటిమి.

క్రొత్త సీమలకు పోవువారికి నేను చెప్పగలిగిన సలహా కొంచెమే. అతిథిగా పెట్టినదానిని ఆదరముతో తినుడు. పిమ్మట, “మీరేమి తినుచున్నారు?” అని అడుగుడు. మొదటిసారి కొంచెముగా తిని, బాగుగా నమలి, మంచినీరు త్రాగుడు. వస్తువు పేరును ఆ ఊరివారు పలికినట్లే పలుకుడు. ఈ ప్రశ్నను ప్రయాణమునకు పోయినప్పుడే కాక, మన ఊరికి పనికై వచ్చినవారినిగూడ అడుగవచ్చును. దానికి రైలు టిక్కెట్టు అక్కరలేదు.